పదకొండో షీటు అంచున

"నేనే గీశాను" అన్నాడు ఆనందరావు మూడోసారి.

మూడోసారీ నేను నమ్మలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆస్ట్రేలియాలో, ఈ పెర్త్‌లో అబద్ధాలు వినడమే నా బతుకుతెరువు. ఇన్సూరెన్స్ కోసం సొంత కారు తగలబెట్టుకున్నవాళ్ళూ, నడుం పట్టేసిందని సెలవు పెట్టి సముద్రంలో ఈతకి పోయినవాళ్ళూ నా ఎదుట కూర్చుని అబద్ధాలాడారు. వాళ్ళు కనీసం కాస్త శ్రద్ధ పెట్టి ఆడేవాళ్ళు. ఈయన ఆ కష్టం కూడా పడటంలేదు. బల్ల మీద చేతులు పెట్టుకుని, కుడిచేతి వణుకుని ఎడమచేత్తో అదిమిపట్టి, పాఠం అప్పజెప్పినట్టు ఆ రెండు ముక్కలే అంటున్నాడు.

నా పేరు శ్యామసుందరి. లైసెన్సు ఉన్న ప్రైవేటు డిటెక్టివ్‌ని. పెళ్ళయి ఈ దేశం రాకముందు విశాఖపట్నంలో ఒక డ్రాయింగ్ ఆఫీసులో ఆరేళ్ళు ట్రేసర్‌గా చేశాను. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసి పడేసినదాన్ని ఇంకుతో, గీత చెదరకుండా మళ్ళీ గీయడం నా పని. ఈ కేసు నా దగ్గరకి రావడానికి అదే కారణం. పోలీసుల దగ్గర కంప్యూటర్లు చూసేవాళ్ళున్నారు, వేలిముద్రలు చూసేవాళ్ళున్నారు. బొమ్మ చదవడం వచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

సంగతి ఇదీ. ఆనందరావు ఇండియాలో ముప్ఫై నాలుగేళ్ళు నక్షలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. పెర్త్ శివార్లలోని కానింగ్ వేల్‌లో కూతురు సింధుజా, ఆయనా ఉంటారు. పాత యంత్రాల నక్షలు పంచుకునే ఒక ఆన్‌లైన్ గ్రూపులో ఆయన సభ్యుడు. నూరేళ్ళనాటి పంపులు, కుట్టుమిషన్లు, గోడగడియారాలు. ఎవరి అటక మీదో దొరికిన చిరుగుపాత షీట్లని స్కాన్ చేసి అందులో పెడతారు, ఈయనలాంటివాళ్ళు వాటిని శుభ్రంగా తిరగగీస్తారు. పనీపాటా లేనివాళ్ళ పని అని నా అభిప్రాయం. నేరమైతే కాదు. కానీ ఫిబ్రవరిలో ఆ గ్రూపులోకి పందొమ్మిదో శతాబ్దపు రైఫిల్ ఒకదాని నక్షలు వచ్చాయి. పదకొండు షీట్లు. మార్చి పదిహేడు, మంగళవారం, ఆ పదకొండింటినీ కంప్యూటర్లో తిరగగీసి, కింద ఎ. రావు అని పేరు వేసి, ఆనందరావు అకౌంటు నుంచే ఎవరో గ్రూపులో పెట్టారు. ఈస్టర్ సెలవుల్లో గనుల ఊరు కాల్గూర్లీ అవతల ఒక వెల్డర్ ఆ షీట్లు ముందు పెట్టుకుని రైఫిల్ తయారుచేశాడు. మొదటి దెబ్బకే అది వెనక్కి పేలి అతని కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి.

తుపాకీ చెయ్యడమే కాదు, చెయ్యడానికి పనికొచ్చే నక్షలు పంచినా ఇక్కడ నేరమే. సోమవారం పదింటికి ఆనందరావు లాయర్ ఆఫీసుకి వెళ్ళి, నేరం ఒప్పుకుంటూ సంతకం పెడతాడు. ఇవాళ శుక్రవారం. సంతకం పడితే జైలు తప్పదని లాయరే చెప్పాడు. ఆ వణికే చేత్తో ఈ మనిషి అక్కడ భోజనం పళ్ళెం కూడా పట్టుకోలేడు.

నన్ను పెట్టుకున్నది సింధుజ, అదీ తండ్రికి ఇష్టం లేకుండా. మొదటి రోజు ఫోన్లోనే చెప్పింది, "ఎవరు గీశారో మనకి అనవసరం ఆంటీ. నాన్న కాదని ప్రూవ్ అయితే చాలు" అని. సగం పని చెయ్యమనే క్లయింట్లంటే నాకు ఒళ్ళుమంట. ఇంకొకడు దొరక్కుండా ఈయన కాదని ఎలా తేలుతుందని అడిగాను. ఆ పిల్ల నా ఫీజు ఎంతో అడిగి ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు తొమ్మిదిన్నర. ఆనందరావు గదిగా మార్చుకున్న గరాజ్‌లో కూర్చున్నాం. ఏ సాఫ్ట్‌వేర్‌తో గీశారని అడిగాను. కంప్యూటర్లో ఉన్నదానితోనే అన్నాడు. దాని పేరేమిటి అంటే గుర్తులేదట. ఎన్నాళ్ళు పట్టింది అంటే మూడు సాయంత్రాలట. ఈమెయిల్ కొట్టడానికి ఒంటివేలితో అరగంట తీసుకునే మనిషి పదకొండు షీట్లు మూడు సాయంత్రాల్లో గీశాడట. ఆఖరి షీటు ఎప్పుడు పూర్తయిందంటే మాత్రం తడుముకోకుండా "సాయంత్రం ఐదూ ఇరవై రెండు" అన్నాడు. అది ఆయనకి ఎలా తెలుసో నాకు తెలుసు. ప్రతి షీటు అంచునా, దాన్ని పూర్తిచేసిన తేదీ, టైము సన్నటి అక్షరాలతో సాఫ్ట్‌వేరే వేసేసింది. పదకొండో షీటు అంచున ఉన్నది 17-03, 17:22. పోలీసులు ఇచ్చిన కాగితాల్లో అది ఎర్రగీతతో ఉంది. ఆ టైముకి ఆయన ఇంట్లో ఉన్నాడని పక్కింటివాళ్ళు కూడా చెప్పారు.

నేను ఆ షీట్లు తీసి ఆయన డ్రాయింగ్ బోర్డు మీదే పరిచాను.

ఒక వస్తువుని ఎదురుగా చూసి ఒక బొమ్మ వేస్తాం, పైనుంచి చూసి ఇంకో బొమ్మ వేస్తాం. మన దేశంలో పైనుంచి చూసిన బొమ్మని కింద వేస్తారు. ఆస్ట్రేలియాలో పైనే వేస్తారు. రెండూ సరైన పద్ధతులే. ఏ పద్ధతిలో వేశామో చెప్పడానికి షీటు మూల ఒక చిన్న గుర్తు ఉంటుంది, తల కోసేసిన గరాటులాగా. చదివేవాడు ముందు ఆ గుర్తు చూసుకునే పనిలోకి దిగుతాడు. ఈ పదకొండు షీట్లలోనూ బొమ్మలు మన పద్ధతిలో ఉన్నాయి. మూల గుర్తు మాత్రం ఆస్ట్రేలియాది. వెల్డర్ పాపం గుర్తుని నమ్మాడు. దాంతో ఒక ముక్క అద్దంలో చూసినట్టు కుడి ఎడమయి తయారైంది. వేళ్ళు అందుకే పోయాయి.

"ఇది గీసినవాడు డ్రాఫ్ట్స్‌మన్ కాదు, గాడిద" అన్నాను గట్టిగానే. "పాత షీటులో బొమ్మ ఎక్కడుంటే అక్కడే దింపేసి, కంప్యూటర్ ఏ గుర్తు వేస్తే దాన్ని అలాగే వదిలేసింది. కళ్ళు పెట్టి చూసుకుంటే ఒక మనిషి వేళ్ళు మిగిలేవి."

సింధుజ అప్పుడే కాఫీ కప్పులు పట్టుకుని లోపలికొచ్చింది. కప్పు నా ముందు పెట్టి, మెల్‌బోర్న్ టీమ్‌తో మీటింగ్ ఉందనీ, వాళ్ళతో పని కాబట్టి రోజూ పెందలాడే లాగిన్ కావాలనీ ఏదో చెప్పి వెళ్ళిపోయింది. ఆనందరావు మొహం ఎర్రబడింది. పొద్దున్నుంచీ ఆయనకి కోపం రావడం అదే మొదలు.

"నోరు జారకండి శ్యామసుందరి గారూ. అది గీసింది నేను."

డ్రాఫ్ట్స్‌మన్ పౌరుషం అనుకున్నాను. పౌరుషం ఉన్నవాడు ఈ చెత్తని తనదని ఎందుకు ఒప్పుకుంటున్నాడో ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

ఆలోచించే బదులు గది వెతికాను. బోర్డు పక్క అలమారలో ఆయన పెన్సిల్‌తో గీసిన షీట్లు కట్టలు కట్టి ఉన్నాయి. ఒక పాత ఇంగ్లీషు నీళ్ళపంపు నక్ష, దానికి ఈయన తిరగగీసిన బొమ్మ పక్కపక్కనే పెట్టి చూశాను. పాతదాంట్లో పైబొమ్మ కింద ఉంది. ఈయన దాన్ని ఇక్కడివాళ్ళ కోసం పైకి జరిపి, మూలన ఆస్ట్రేలియా గుర్తు తన చేత్తో వేశాడు. గడియారం నక్షలోనూ అంతే. కుట్టుమిషన్‌లోనూ అంతే. మొదట్లోనే ఆపేసిన షీట్లలో ఇంకా ఒక్క బొమ్మా లేదు, మూల గుర్తు మాత్రం ఉంది. అంటే ఈయన ప్రతి షీటునీ ఆ గుర్తుతోనే మొదలుపెడతాడు. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు మూడు సాయంత్రాల్లో ఎక్కడికీ పోదు.

అలమార అడుగున రైఫిల్ పాత షీట్ల ప్రింట్లు దొరికాయి. వాటి మీద అడ్డంగా పెన్సిల్‌తో "మనకి వద్దు" అని తెలుగులో రాసి ఉంది. వంకరటింకర అక్షరాలు, వణికే చెయ్యి రాసినవి.

గ్రూపులో ఆయన అదే చెప్పాడు. ఇది తుపాకీ, చట్టం ఒప్పుకోదు, నేను గీయను, నమస్కారాలతో ఎ. రావు, రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్ అని మార్చి ఎనిమిదిన రాశాడు. దానికి బల్లారట్ నుంచి ఒక వెధవ, "రావు చెయ్యి అయిపోయింది, పాపం వదిలెయ్యండి, చట్టం ఒక సాకు" అని రాశాడు. పదిమంది నవ్వుల బొమ్మలు పెట్టారు. తొమ్మిది రోజుల తర్వాత ఇదే అకౌంటు నుంచి పదకొండు షీట్లు, వాటి కింద ఒక్క వాక్యం, "చెయ్యి బాగానే ఉంది." నమస్కారాలు లేవు, రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్ లేడు. పోలీసులు దాన్ని ముసలాయన పంతం అన్నారు. పోలీసుల తెలివి అంతవరకే.

వెళ్ళేముందు చివరిసారి అడిగాను, ఎవరిని కాపాడుతున్నారని. ఆనందరావు పంపు నక్షని నా చేతిలోంచి తీసుకుని, మడత పడకుండా కట్టలో పెట్టుకున్నాడు. సోమవారం దాకా ఓపిక పట్టమ్మా, అన్నీ అయిపోతాయి అన్నాడు.

*

పదకొండూ నలభైకి మెన్స్ షెడ్‌కి వెళ్ళాను. రిటైరయిన మగవాళ్ళు ఇంట్లో ఆడవాళ్ళ ప్రాణాలు తోడకుండా చెక్కా ఇనుమూ కోసుకుంటూ కాలక్షేపం చేసే రేకుల షెడ్డు అది. వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ పుస్తకంలో టైము రాసి సంతకం పెట్టాలి, ఎవరి వేలైనా తెగితే ఇన్సూరెన్స్‌కి కావాలని. ఆనందరావు కూడా అక్కడికి వెళ్తుంటాడు. నాకు ఆ పుస్తకం కావాలి.

పుస్తకం అప్పటికే శ్రీపతి చేతిలో ఉంది.

వెల్డర్ తరపు లాయర్లు మెల్‌బోర్న్ నుంచి పిలిపించిన డిజిటల్ ఫోరెన్సిక్ నిపుణుడు ఈ శ్రీపతి. అక్కడి శివారు క్రెయిగీబర్న్‌లో ఉంటాడు, సొంతూరు వరంగల్. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. విజిటింగ్ కార్డు మీద పేరు కింద అయిదు బిరుదులున్నాయి, ఆరోదానికి చోటు చాలక ఆగిపోయాడేమో. ఆనందరావు నేరస్తుడని అరవై రెండు పేజీల రిపోర్టు రాసింది ఇతనే. అందులో ముఖ్యమైన ముక్క, బొమ్మలు ఇండియన్ పద్ధతిలో ఉన్నాయి కనక గీసింది ఇండియన్ డ్రాఫ్ట్స్‌మనే అని. ఇడ్లీ కనపడితే వండింది మా అత్తగారే అన్నట్టుంది ఆ తెలివి.

అతను లేచి నమస్కారం పెట్టి, పుస్తకం నా వైపు తిప్పాడు. మార్చి పదిహేడున ఎ. రావు లోపలికి ఒంటిగంటా ఐదుకి, బయటికి నాలుగూ పదికి. షెడ్ సెక్రటరీ ట్రెవర్, ఆ మధ్యాహ్నమంతా రావు తన ఎదుటే కుర్చీకి కాలు అతికిస్తున్నాడని చెప్పాడు. శ్రీపతి తొణకలేదు.

"నాలుగు పదికి ఇంటికి వోయిండు. ఐదు ఇరవై రెండుకి షీట్ కంప్లీట్ చేసిండు. రిపోర్ట్‌ల అదే ఉంది మేడం."

గ్రూపులోకి షీట్లు ఎక్కింది ఎన్నింటికని అడిగాను. పెర్త్ టైము రెండూ ముప్ఫై ఒకటికి. ఐదూ ఇరవై రెండుకి పూర్తయిన షీటు రెండూ ముప్ఫై ఒకటికే గ్రూపులోకి ఎలా ఎక్కిందయ్యా అన్నాను. గ్రూపు సర్వర్ గడియారం తప్పు, నలభై ఒకటో పేజీలో రాశానన్నాడు. నేను ఫోన్ తీసి చూపించాను. ఆ షీట్లు చూసి మెచ్చుకుంటూ రాసినవాళ్ళలో పెర్త్‌లోనే ఉండే ఒకాయన అప్పుడే తన ఫోన్లో తీసుకున్న స్క్రీన్‌షాట్ అది. పైన మూల టైము రెండూ నలభై. ఇంకా పుట్టని బొమ్మల్ని మెచ్చుకున్నారా వాళ్ళు అన్నాను.

శ్రీపతి నా ఫోన్ తీసుకుని ఆ మూల పెద్దది చేసి చూశాడు. తర్వాత ఏదో సరిచూసుకోవడానికి తన లాప్‌టాప్ తెరిచాడు. షెడ్డు గోడగడియారంలో పన్నెండూ ఐదు అయింది. అతని లాప్‌టాప్ మూల రెండూ ఐదు ఉంది.

నాకు నవ్వాగలేదు. గడియారం ఇంకా మెల్‌బోర్న్‌లోనే ఉందా అన్నాను. మార్చను, క్లయింట్లందరూ అక్కడివాళ్ళే అన్నాడు. సరే అయితే, షీట్లు గీసినవాడి గడియారమూ అక్కడే ఉండి ఉంటుంది అన్నాను. అతను మొదట ఒప్పుకోలేదు.

"రెండు గంటల తేడా మేడం. ఐదు ఇరవై రెండుల రెండు తీస్తే మూడు ఇరవై రెండు. అప్పటికి అప్‌లోడ్ అయిపోయింది. సెట్ కాదు."

"ఇది మే నెల. వేసవి అని మార్చి అయ్యేదాకా మీ ఊళ్ళో గడియారాలు గంట ముందుకి తిప్పి ఉంచుతారు, మా పెర్త్‌లో తిప్పం. అప్పుడు తేడా మూడు గంటలు. అక్కడే ఇల్లు కొనుక్కుని కూర్చున్నారు, ఆ సంగతి నేనా మీకు చెప్పాల్సింది?"

మూడు తీస్తే రెండూ ఇరవై రెండు. గీయడం పూర్తయింది రెండూ ఇరవై రెండుకి, గ్రూపులో పెట్టింది రెండూ ముప్ఫై ఒకటికి. మధ్య తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలూ ఆనందరావు ఇక్కడ ట్రెవర్ ఎదుట కుర్చీకాలు పట్టుకుని ఉన్నాడు. అరవై రెండు పేజీల రిపోర్టు ఆ షెడ్డులోనే చచ్చిపోయింది. నేను అక్కడితో ఆగి ఇంటికి పోతే సరిపోయేది.

ఆగలేదు. బల్ల మీదున్న మేకుల డబ్బా అతని ముందుకి తోసి, ఒక కాగితం ఇచ్చి, దీని ఎదురుబొమ్మా పైబొమ్మా గీయండి చూద్దాం అన్నాను. నేను కంప్యూటర్ సైన్స్, డ్రాయింగ్ నాకేం తెలుసు అంటూనే గీశాడు. పైబొమ్మని కిందే వేశాడు. నేను అనుకున్నదే. మన దగ్గర ఏ బ్రాంచి వాళ్ళయినా సరే, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో గీతలు గీసే మినీ డ్రాఫ్టర్ చంకన పెట్టుకుని కాలేజీకి పోయి ఆ డ్రాయింగ్ నేర్చుకోవాల్సిందే. పరీక్ష అయ్యాక జన్మలో మళ్ళీ దాని మొహం చూడరు, కానీ చెయ్యి మాత్రం మర్చిపోదు. ఇండియన్ పద్ధతి నిజమే. పాత షీట్ల నుంచి దింపినదే అయినా, ఇక్కడ చదివినవాడికి ఆ వరస వెంటనే తేడాగా కనపడేది, మన దగ్గర చదివినవాడికే కనపడదు. అయితే దాన్ని గీయడానికి డ్రాఫ్ట్స్‌మన్ అక్కర్లేదు, మీలాంటి ఏ బీటెక్ అయినా చాలు అన్నాను. అని, మెల్‌బోర్న్ గడియారం పెట్టుకున్న బీటెక్ గారూ, మార్చి పదిహేడు మధ్యాహ్నం తమరెక్కడున్నారు అని కూడా అడిగాను.

శ్రీపతి నొచ్చుకున్నాడు, కానీ గొంతు పెంచలేదు. ఫోన్లో ఒక ఫొటో తీసి చూపించాడు. ఆస్పత్రి గదిలో గుడ్డలో చుట్టిన పసిపాప, గోడ మీద తెల్లబోర్డుపై మార్చి పదిహేడు.

"మా పాప పుట్టింది మేడం ఆ రోజు. పొద్దుగాలనుంచి రాత్రిదాంక నేను ఆడనే ఉన్న."

ఇంకెవరైనా అయితే క్షమాపణ చెప్పేవాళ్ళు. నేను చెప్పలేదు. ఓడినవాడి ముందు తగ్గడం నాకు చేతకాదు. పైగా ఇంకో రాయి వేశాను.

"పెర్త్‌లో ముసలాయన్ని వేధించడం మానెయ్యండి. మన దగ్గర ఇంజనీరింగ్ చదివి, మెల్‌బోర్న్ టైములో బతికే మనిషిని వెతికి పట్టుకోండి. చేతనైతే."

అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఆ మాట మళ్ళీ చెప్పమని అడిగి మరీ రాసుకున్నాడు. తర్వాత తలెత్తి ఒకటే అడిగాడు.

"మరి రావు గారి అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది మేడం?"

అది తేల్చుకోవాల్సింది మీరు అని వచ్చేశాను.

*

కారు స్టార్ట్ చేసేదాకా ఆ ప్రశ్న నాకు ఎక్కలేదు. ఎక్కాక దిగలేదు. మూడు సిగ్నళ్ళు దాటేసరికి, పొద్దున కాఫీ కప్పు పెడుతూ సింధుజ అన్న మెల్‌బోర్న్ టీమ్ గుర్తొచ్చింది. లాయరుకి ఫోన్ చేసి, ఆనందరావు షెడ్డులో ఉన్నాడని రుజువు దొరికిందని చెప్పాలి. చెయ్యలేదు. ఒక సర్వీస్ రోడ్డులో కారు ఆపుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మళ్ళీ వాళ్ళ ఇంటికి చేరేసరికి రెండూ నలభై అయింది.

సింధుజ డైనింగ్ టేబుల్ దగ్గర చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పని చేసుకుంటోంది. ఆనందరావు పక్కన కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నాడు. నేను ఎవరినీ పలకరించలేదు. నేరుగా ఆ పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. లాప్‌టాప్ మూల నాలుగూ నలభై ఒకటి ఉంది. తెర మీద ఏదో పైపు బొమ్మ, దాని మూల తల కోసిన గరాటు గుర్తు.

"మీ కంపెనీ ఏం అమ్ముతుంది సింధుజా?" అన్నాను.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసింది. వెనక్కి తిరగలేదు.

"డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్. నేను టెస్టింగ్ చేస్తాను ఆంటీ."

ఆనందరావు చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టేశాడు. ఆడపిల్లని బెదిరించకండి, నాతో మాట్లాడండి అన్నాడు. సింధుజ ఆయన మాట విననట్టే చెప్పుకుపోయింది. గ్రూపులో నాన్న మెసేజ్‌లు తనే టైప్ చేసి పెడుతుంది, ఆయన చెబుతుంటే. బల్లారట్ వాడు రాసింది ఆయనకంటే ముందు తనే చదివింది. ఆయనకి చదివి వినిపించక తప్పలేదు.  ఆ రాత్రి తిన్నగా గీత వస్తుందో లేదోనని ఒక కాగితం నిండా గీతలు గీసుకుంటూ కూర్చున్నాడట.

"I just wanted to shut them up, Aunty" అంది. తర్వాత తెలుగులో, "వాళ్ళ నోళ్ళు మూయించాలనే నాన్న గీసినట్టు నాన్న పేరు వేశాను. మూడు రోజులు లాగ్ ఆఫ్ అయ్యాక కూర్చున్నాను. అది నిజంగా ఎవరైనా చేస్తారనుకోలేదు. పాత బొమ్మలే కదా అనుకున్నాను."

"మరి నన్నెందుకు పెట్టుకున్నావు?"

"అసలు టైమ్ ఐదూ ఇరవై రెండు కాదనీ, అప్పుడు నాన్న షెడ్‌లో ఉన్నాడనీ నాకు తెలుసు. నేను చెబితే నీకెలా తెలుసు అంటారు. మీరు కనుక్కుంటే ఎవరూ అడగరు అనుకున్నాను. నాన్న బయటపడతాడు, ఎవరు గీశారో ఎప్పటికీ తేలదు. అంతే ఆంటీ."

పొద్దున గాడిద అన్నది నేను ఈ పిల్లనే. ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గుతోపాటు కోపం కూడా వచ్చింది, మూడు వేళ్ళు పోయిన వెల్డర్ కూడా గుర్తొచ్చాడు కాబట్టి. ఏది ముందు అనాలో తెలియక ఆనందరావు వైపు తిరిగాను. మీకెప్పుడు తెలిసిందని అడిగాను.

ఆయన గిన్నెలోంచి ఒక చిక్కుడుకాయ తీసి, వణికే వేళ్ళతో దాని ఈనె వెతుక్కుంటూ చెప్పాడు.

"పోలీసులు మొదటి షీటు నా ముందు పెట్టగానే. పైబొమ్మ వేసి గుర్తు చూసుకోకపోవడం దీనికి ఇంజనీరింగ్ ఫస్ట్ ఇయర్ నుంచీ ఉందమ్మా. హోమ్‌వర్క్ షీట్లు నేనే దిద్దేవాడిని. ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. దీనికి ఇంకా సిటిజన్‌షిప్ కూడా రాలేదు. కేసు పడితే ఉద్యోగం, వీసా అన్నీ పోతాయి. నాదేముంది, చెయ్యి ఎలాగూ అయిపోయింది."

నేను చెప్పాల్సింది చెప్పక తప్పలేదు. కూర్చుని చెప్పాను. పదకొండో షీటు అంచునున్న టైము మెల్‌బోర్న్ టైమని నేను కనిపెట్టాననీ, కనిపెట్టి ఊరుకోకుండా అవతలివాడి ముందు బల్ల గుద్ది నిరూపించాననీ, ఎలాంటి మనిషిని పట్టుకోవాలో కూడా రాసుకునేదాకా నేనే చెప్పాననీ. ఇరవై రెండేళ్ళలో ఏ క్లయింటుకీ నేను ఇంత ద్రోహం చేసి ఎరగను. అదీ ఒక మనిషిని చిన్నబుచ్చే సరదా కోసం.

ఆనందరావు నన్ను తిడితే బాగుండేది.  సోమవారం దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే వెళ్ళి సంతకం పెట్టేస్తాను, లాయరుకి ఫోన్ చెయ్యండి అన్నాడు. షెడ్డు పుస్తకం, ట్రెవర్ మాట ఉన్నాక మీ సంతకం ఎవరూ నమ్మరని చెప్పాను. ఆయన్ని తప్పించిన రుజువే ఇప్పుడు ఆయన్ని అబద్ధాలకోరుని చేస్తుంది.

నా ఫోన్ మోగింది. శ్రీపతి.

"మేడం, థాంక్స్ చెప్దామని చేసిన. ఆ మూడు గంటల సంగతి నాకు తట్టకపోవు."  గొంతులో గెలిచిన సంబరం ఏమీ లేదు. "సింధుజ గారి ఆఫీస్ మెల్‌బోర్న్‌లనే గదా?"

నేను ఫోన్ పట్టుకుని సింధుజ దగ్గర్నుంచి పక్కకి జరిగాను. 

"నేను మీరున్న ఇంటి ఎదురుంగనే ఉన్న మేడం, కార్ల. పోలీస్ డిటెక్టివ్ సార్ గూడ ఉన్నడు. వారెంట్ తెచ్చిండు. లాప్‌టాప్ ముట్టకుండ్రి అని చెప్పుండ్రి. తుడిచేసిండ్రంటే ఆ పిల్లకే నష్టం. అందుకే ముందుగాల ఫోన్ చేసిన."

కిటికీ తెర కొంచెం తొలగించి చూశాను. వీధికి అటుపక్క తెల్లకారు తలుపులు రెండూ తెరుచుకుంటున్నాయి. ఆనందరావు ఎప్పుడు లేచాడో, లాప్‌టాప్ చేతుల్లోకి తీసేసుకున్నాడు. దాన్ని ఎక్కడ దాచాలో తెలియక, గుండెకి ఆనించుకుని గది మధ్యలో నిలబడిపోయాడు. చేతులు వణుకుతుంటే దాని మూత టకటకా కొట్టుకుంటోంది.

సింధుజ వెళ్ళి ఆ చేతులు పట్టుకుంది. వణుకు కాస్త తగ్గేదాకా అలాగే పట్టుకుని, లాప్‌టాప్ మెల్లిగా విడిపించి టేబుల్ మీద తెరిచి పెట్టింది. బయట గేటు గడియ చప్పుడైంది.

"ఈసారి నువ్వు దిద్దకు నాన్నా" అని చెప్పి, తలుపు తియ్యడానికి వెళ్ళింది.